చలికి మోడు, ఎండకు మోడు

అమెరికా వ్యవసాయ శాఖ ఒక పటం వేస్తుంది. ఏ ఊళ్లో ఏడాది మొత్తంలో పడే అతి తక్కువ ఉష్ణోగ్రత ఎంతో చాలా ఏళ్లకు సగటు తీసి, దేశాన్ని 13 జోన్లుగా విడగొడుతుంది. మొదటి పటం 1960లో వచ్చింది, ఇప్పుడు వాడుతున్నది 2023 నవంబరుది. అక్కడ నర్సరీకి పోయినవాళ్లు మొక్క ధర కంటే ముందు దాని జోను నంబరు చూస్తారు. నార్త్ డకోటాలోని ఫార్గో నాలుగో జోను. చలి మైనస్ 30 డిగ్రీల దాకా పోయే చోటు కనుక అంత తట్టుకోలేని మొక్క జోలికి పోవద్దని దాని అర్థం. మన జనగామను అదే పటంలో పెడితే పదకొండో, పన్నెండో జోను అవుతుంది. జనవరి తెల్లవారుజామున కూడా పది డిగ్రీలకు అటూ ఇటూ ఉండే ఊరు కదా. అంటే ఆ లెక్క ప్రకారం జనగామలో చెట్టుకు ఏ కష్టమూ లేదు. మే నెలలో పాలకుర్తి రోడ్డు పక్కన చెల్కలో నిలబడ్డ చెట్టుకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.

పటం వేసినవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. వాళ్ల చెట్లను చంపేది చలి, వాళ్లు చలినే కొలిచారు. ఈ లోటు వాళ్లకూ తెలిసింది. 1997లో అక్కడి ఉద్యాన సంఘం 30 డిగ్రీలు దాటే రోజులెన్నో లెక్కగట్టి ఎండ పటం ఒకటి విడిగా వేసింది. అయినా గట్టి చెట్టు అనగానే లోకమంతా మంచులో నిలిచిన ఓక్ చెట్టునే తలుచుకుంటుంది. తోటల పుస్తకాలన్నీ ఆ దిక్కు నుంచే వచ్చాయి మరి. ఉత్తర అమెరికా చలి మైదానాల ఆకురాలు చెట్లనూ, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ఆకురాలు చెట్లనూ పక్కపక్కన నిలబెట్టి చూస్తే ఎవరి గట్టితనం ఎందులో ఉందో తేలుతుంది. అంతకంటే ముఖ్యంగా, చెట్టును ఎంచుకోవడంలో వాళ్లు ఎక్కడ తప్పారో, మనం ఎక్కడ తప్పుతున్నామో కూడా.

ఆకు ఎందుకు రాలుతుందన్న దగ్గర మొదలుపెడదాం. అక్కడ చలికీ ఇక్కడ ఎండకూ అని బడిలో చెప్పేస్తారు. నిజానికి రెండు చోట్లా కారణం దాహమే. డకోటాలో నవంబరు తర్వాత నేల గడ్డకడుతుంది, నీళ్లు కళ్ల ముందే ఉన్నా వేరు తాగలేదు. పైగా చెట్టు లోపలి నీటి గొట్టాల్లో నీరు గడ్డకట్టి కరిగితే గాలిబుడగలు పుట్టి దారి మూసుకుపోతుంది. అలాంటప్పుడు ఆకును మోయడం నష్టం. మన దగ్గర వానలో నూటికి ఎనభై వంతులు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడిపోతాయి. సంక్రాంతి దాటాక నేల పైపొరలో తడి ఉండదు. ఇక్కడా ఆకు మోయలేని బరువే. నీళ్లు గడ్డకట్టిన కరువు వాళ్లది, నీళ్లు ఎండిపోయిన కరువు మనది.

ఇక్కడిదాకా ఇద్దరూ సమానమే. తేడా వచ్చేది మళ్లీ ఎప్పుడు చిగురించాలన్న దగ్గర. చలి మైదానపు చెట్టు మహా జాగ్రత్తపరురాలు. పగటి పొద్దు తగ్గుతుంటేనే సర్దుకోవడం మొదలుపెడుతుంది, చలి పూర్తిగా పోయిందని నమ్మకం కుదిరాక గానీ మొగ్గ విప్పదు. ఆ మైదానాల బర్ ఓక్ చాలా చెట్ల కంటే ఆలస్యంగా, మే నెలలో లేస్తుంది. తొందరపడ్డ చెట్టు చిగురును ఏప్రిల్ మంచు మాడ్చేస్తుంది. మన మోదుగ, తునికి, రేల మాత్రం కష్టం తీరేదాకా ఆగవు. ఎండలు ముదిరే రోజుల్లో, వాన చుక్క పడడానికి నెలా రెండు నెలల ముందే పూలూ చిగుళ్లూ తెస్తాయి. పొద్దు పెరగడం చూసుకుని, ఒంట్లో దాచుకున్న నీళ్లూ లోతు వేళ్లకు అందే తడీ పెట్టుబడిగా పెట్టి దిగుతాయి. తొలకరి పడే నాటికి ఆకు సిద్ధంగా ఉంటే వాన మొదటి రోజు నుంచే వంట మొదలుపెట్టవచ్చు. వాన ఆలస్యమైతే నష్టం. ఈ పందెంలో తెగువ ఉంది. గట్టితనం అంటే ఓర్చుకోవడం ఒక్కటే అనుకుంటే ఓక్‌కు మొదటి మార్కు వెయ్యాలి. కష్టం నడుస్తుండగానే పనికి దిగడాన్ని కూడా అందులో కలిపితే నా మార్కు మోదుగకే.

మోదుగకు బర్ ఓక్‌ను జోడీగా తేవడానికి ఇంకో కారణం ఉంది. రెండూ నిప్పును చూసిన చెట్లు. గడ్డి మైదానాలకు తరచూ అంటుకునే మంటల్లో మిగతా చెట్లు మాడిపోతుంటే బర్ ఓక్ తన మందపాటి బెండు బెరడుతో నిలిచింది. మొదలు కాలినా వేరు నుంచి మళ్లీ లేచేది. గింజ మొలిచిన మొదటి ఏడే దాని తల్లివేరు మీటరుకు పైగా లోతుకు దిగుతుందని నెబ్రాస్కాలో తవ్వి చూసిన జాన్ వీవర్ 1930లలో రాశాడు. మోదుగ కథ ఇంచుమించు అదే. కొట్టినా, కాల్చినా, దున్నినా వేరు పిలకలతో లేస్తుంది. మేక నోరు పెట్టదు. నీరు నిలిచే నేలలోనూ, చౌడులోనూ బతుకుతుంది. జనగామ జిల్లాలో చెప్పుకోదగ్గ అడవి లేదు. బోడి గుట్టలు, చెరువులు, చెల్కలు, ఎటు చూసినా తాడిచెట్లు. (తాడి ఆకు రాల్చే చెట్టు కాదు కనుక ఈ పంచాయితీలోకి రాదు. వస్తే చాలామందిని ఓడించేది.) అలాంటి చోట బంజర్లలోనూ గట్ల మీదా మిగిలిన ఆకురాలు చెట్టు మోదుగ. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు.

మనిషి మర్యాదలో మాత్రం ఇద్దరికీ పోలిక లేదు. బర్ ఓక్ కొమ్మలు విరగకుండా, రెండు మూడు వందల ఏళ్లు బతకనిచ్చి, పార్కులో దాని పక్కన పేరు రాసిన పలక పెడతారు. మోదుగను విస్తరాకుల కోసం గిల్లి, హోలీ రంగుకు పూలు దులిపి, నార కోసం వేరు తవ్వి, చివరకు పొయ్యిలోకి కొట్టి, ఎప్పుడూ పొద స్థాయి దాటనివ్వం. నిటారుగా, మోకాళ్లు లేకుండా ఎదిగిన మోదుగను జనగామలో వెతుక్కోవాలి. ఈ చెట్టు వంకరగా ఉంటుందని రాసేవాళ్లు అది చెట్టు గుణమా, మన చేతి గుణమా అని ఒకసారి ఆలోచించాలి. సాహిత్యం కాస్త నయం. మహబూబాబాద్ జిల్లా చినగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య తెలంగాణ పోరాట నవలకు ‘మోదుగుపూలు’ అనే పేరు పెట్టుకున్నాడు. ఆకు ఒక్కటీ లేని కొమ్మ మీద ఎర్రగా విరగబూసే చెట్టు ఆ కథకు తగిన పేరే. ఆ పేరు పుస్తకం మీద నిలిచినంత గౌరవంగా చెట్టు గట్టు మీద నిలవలేదు.

మహబూబాబాద్ ఉత్తర కొసకు, గూడూరు, కొత్తగూడ, గంగారం మండలాల వైపు పోతే పోలిక మరింత ఆసక్తిగా మారుతుంది. అక్కడ ఇప్ప ఉంది. దానికి ఎదురుగా నేను మేపుల్‌ను పెడతాను. చలి మైదానాల్లో వాగుల వెంట పెరిగేది బాక్స్ ఎల్డర్ అనే మేపుల్ రకం. తూర్పున మిన్నెసోటా అడవి మొదలయ్యే చోట షుగర్ మేపుల్ వస్తుంది. మార్చిలో రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో చెట్టు మొదలుకు గంటు పెడితే తియ్యటి నీళ్లు కారతాయి. ఒజిబ్వే వంటి ఆదివాసీ జాతులు కుటుంబాలతో సహా ఆ తోపుల్లో మకాం వేసి, ఆ నీళ్లు కాచి చక్కెర చేసుకునేవారు, ఇప్పటికీ చేస్తారు. దాదాపు 40 లీటర్ల రసం కాస్తే లీటరు పాకం వస్తుంది. సరిగ్గా అదే మార్చి, ఏప్రిల్ నెలల్లో మన కోయ కుటుంబాలు తెల్లవారక ముందే బుట్టలు పట్టుకుని ఇప్ప చెట్ల కిందికి పోతాయి. రాత్రి పూసి తెల్లవారేసరికి రాలిన కండగల పూలను ఏరి, ఎండబెడతాయి. ఎండిన పువ్వులో సగానికి పైగా చక్కెరే.

రెండు చెట్లూ చేసేది ఒక్కటే పని. కిందటేడు ఆకు ఉన్న రోజుల్లో వండి దాచుకున్న పిండిని, ఆకు లేని రోజుల్లో చక్కెరగా మార్చి బయటికి తేవడం. మేపుల్ దాన్ని మొగ్గల కోసం పైకి తోడుతుంది, మనిషి మధ్యలో గంటు పెట్టి వాటా తీసుకుంటాడు. ఇప్ప తానే పువ్వులో నింపి నేలకు వదులుతుంది. గబ్బిలాలు, పక్షులు, ఎలుగుబంట్లు తమ వంతు తిన్నాక మిగిలింది మనిషిది. చెట్టుకు గాయం లేదు. దాతృత్వంలో ఇప్పదే పైచెయ్యి అని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

అయినా మేపుల్ పాకం ఇవాళ హైదరాబాద్ సూపర్ మార్కెట్లో సీసాల్లో, చిన్న ఆకు బొమ్మతో, కళ్లు తిరిగే ధరకు దొరుకుతుంది. కెనడా ఆ ఆకును జెండా మీదికే ఎక్కించింది. ఇప్పపువ్వు మాత్రం వలస పాలన నుంచీ ఆబ్కారీ వాళ్ల కళ్లలో సారా సరుకుగానే మిగిలింది. బొంబాయి సర్కారు 1892లో పువ్వు ఏరడం, నిల్వ చేయడం మీదే చట్టం చేసింది. మనకు గిరిజన సహకార సంస్థ పువ్వూ గింజా కొంటుంది, ఆదిలాబాద్ వైపు ఆడవాళ్ల సంఘాలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి పేరు తెచ్చుకున్నాయి. అయినా పట్నంలో ఇప్ప అనగానే సారా వాసనే గుర్తుకొస్తుంది. రెండు చెట్ల మధ్య తేడా కంటే వాటి వెనుక నిలబడ్డ మార్కెట్ల మధ్య తేడా పెద్దది.

ఇప్పకు కోయగూడేల్లో దొరికిన రక్షణ మోదుగకు జనగామలో దొరకలేదన్నది గమనించాలి. పోడు కొట్టిన చోట కూడా ఇప్ప చెట్టును నిలబెట్టి చుట్టూ దున్నుకుంటారు. మక్కచేను నడుమ ఒంటరిగా, గొడుగు పట్టినట్టున్న చెట్టు కనిపిస్తే అది చాలాసార్లు ఇప్పే. ఏ చెట్టు ఎవరిదో, ఏ ఇంటివాళ్లు ఏ చెట్టు కింద ఏరుతారో ఊళ్లో అందరికీ తెలుసు. తినే చెట్టుకు యజమాని ఉంటాడు, యజమాని ఉన్న చెట్టు బతుకుతుంది. ఒక్క తిరకాసు మాత్రం ఉంది. పూలు కనబడాలని చెట్టు కింద రాలిన ఆకుకు నిప్పు పెడతారు. అది పాకి అడవికి అంటుకుంటుంది. అటవీ శాఖ ఏటా ఫైర్ లైన్లు గీస్తుంది, ఏటా మంటలు వాటిని దాటుతాయి. ఆ మంటల్లో పెద్ద ఇప్పకు ఏమీ కాదు, రేపటి ఇప్ప మొలకలు పోతాయి. చెట్లన్నీ ముసలివే, పిల్ల చెట్లు లేవు అని ఆ పక్క అడవులు తిరిగినవాళ్లు అంటుంటే కారణం ఇదీ ఒకటి.

తునికికి ఉత్తరాన జోడీ దొరకలేదు, బలవంతంగా తేను. కొమ్మ కొట్టించి, లేత చిగురు తెప్పించి, యాభై ఆకుల కట్టలు కట్టి కల్లంలో ఆరబెట్టి బీడీలకు పంపే వ్యవహారం ఈ నేలకే సొంతం. వెయ్యి కట్టలకు ఒక స్టాండర్డ్ బ్యాగ్. ఏప్రిల్, మే ఎండల్లో, మిగతా పనేదీ లేని రోజుల్లో గూడేనికి చేతికొచ్చే నగదు అది. ఆకు అమ్ముకుని బతికే ఆకురాలు చెట్టు లోకంలో ఎన్నో ఉండవు.

భూపాలపల్లికి వస్తే వాన ఎక్కువ, అడవి ఎక్కువ, చెట్టు పొడుగు ఎక్కువ. మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం పోయే దారిలో టేకు, నల్లమద్ది, ఏగిస, బూరుగు. ఇక్కడ ఓక్‌కు అసలైన సాటి టేకు. కలప కోసి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఉష్ణదేశపు చెట్లలో ఏటేటి వలయం స్పష్టంగా కనబడేవి తక్కువ. టేకు వాటిలో ఒకటి. ఓక్‌లో లాగే టేకులోనూ, పెరుగుదల మొదలయ్యే రోజుల్లో పెద్ద నీటి గొట్టాలు ఒక వరుసగా ఏర్పడతాయి, తర్వాత చిన్నవి. ఓక్ వలయాన్ని గీసేది మంచు, టేకు వలయాన్ని గీసేది వాన లేని కాలం. ఓక్ మొద్దును బట్టి పాత వాతావరణం సంగతి చదివినట్టే, టేకు మొద్దును బట్టి పాత వానాకాలాల సంగతి చదువుతున్నారు. ఎక్కడో పదివేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రెండు చెట్లు, ఒకదానికొకటి చుట్టం కానివి, ఒకే రకమైన లెక్క పుస్తకం రాసుకుంటున్నాయి.

చలిని తట్టుకోవడంలో ఓక్ జాతికి ఒక హద్దు ఉంది. కణాల్లో నీటిని గడ్డకట్టనీయకుండా ఆపుకోగలిగేది మైనస్ 40 డిగ్రీల వరకే. అది దాటితే ఒక్కసారిగా గడ్డకట్టి కణం చస్తుంది. చాలా గట్టి కలప చెట్లు ఉత్తరాన ఒక గీత దగ్గర ఆగిపోవడానికి ఇదొక కారణం. ఆ గీత దాటి పోయేవి బర్చ్, ఆస్పెన్, విల్లో. అవి కణంలోని నీటిని బయటికి పంపేసి, ఎండి బతుకుతాయి. మన దగ్గర నల్లమద్ది దీనికి తలకిందులు. ఈ జాతిలో కొన్ని చెట్లు మొసలి వీపులా పగిలిన బెరడు కింద ఎండాకాలానికి నీళ్లు దాస్తాయి. 2024 మార్చిలో పాపికొండల జాతీయ పార్కులో అటవీ సిబ్బంది నల్లమద్దికి గంటు పెడితే కుళాయి విప్పినట్టు నీళ్లు చిమ్మిన వీడియో చాలామంది చూసే ఉంటారు. అక్కడ బతకాలంటే నీళ్లు వదిలించుకోవాలి, ఇక్కడ బతకాలంటే పట్టి ఉంచుకోవాలి. ఆ మద్ది ఆకు మీదే దసలి పట్టు పురుగును పెంచి మహదేవపూర్ పట్టుకు పేరు తెచ్చారు. కాటన్‌వుడ్, బూరుగు జంట గురించి రెండు మాటలు చాలు. రెండూ త్వరగా ఎదుగుతాయి, రెండింటి కలపా నాసి, రెండూ దూదిని గాలికి వదులుతాయి. బూరుగు దూది మన దిండ్లలోకి చేరింది, కాటన్‌వుడ్ దూది అక్కడి వాళ్ల కిటికీ జాలీల్లో ఇరుక్కుని తిట్లు తింటుంది.

ఇక మనిషి నాటిన చెట్లు. నెబ్రాస్కాలో చెట్టు లేని మైదానం చూసి దిగులుపడ్డ స్టెర్లింగ్ మోర్టన్ 1872 ఏప్రిల్ 10న మొదటి ఆర్బర్ డే జరిపించాడు. మన వన మహోత్సవం 1950 జులైలో కె.ఎం. మున్షీ మొదలుపెట్టింది. వాళ్లది నేల కరిగే నెల, మనది నేల తడిసే నెల. అంతకంటే పెద్ద పోలిక 1930లలో ఉంది. దుమ్ము తుపానులు పంట భూముల్ని ఎత్తుకుపోతుంటే రూజ్‌వెల్ట్ 1934లో నార్త్ డకోటా నుంచి టెక్సస్ వరకు చెట్ల వరుసలు వేయించే పథకం తలపెట్టాడు. 1942 వరకు దాదాపు 22 కోట్ల చెట్లు నాటారు. 2015 జులై 3న చిలుకూరులో మొదలైన తెలంగాణకు హరితహారం లక్ష్యం 230 కోట్ల మొక్కలు. పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి తేవడం. అంకెల్లో మనదే పెద్దది. కానీ రూజ్‌వెల్ట్ పథకంలో ఒక మంచి గుణం ఉంది. ఏ చెట్టు ఎందుకు నాటుతున్నారో అందరికీ తెలుసు. గాలిని ఆపాలి. గాలి వీచే వైపు పొదలు, నడుమ పొడుగు చెట్లు, పది వరుసల దాకా, రకరకాలవి. రైతు పొలం అంచున పెట్టారు కనుక కాపలా రైతుదే. చలికాలం అవి మోడులుగా నిలబడి ఉంటాయని, మోడు కూడా గాలినీ మంచునూ ఆపుతుందని లెక్కలో ముందే వేసుకున్నారు.

మన దగ్గర మోడును లెక్కలో వేసుకోలేదు. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని సర్పంచులకూ కార్యదర్శులకూ బాధ్యత పెట్టింది. ఉద్దేశం మంచిదే. కానీ తనిఖీకి వచ్చినవాళ్లకు మార్చిలో ఆకు లేని మోదుగ మొక్క చచ్చినట్టే కనబడుతుంది. ఉద్యోగం మీద ఒత్తిడి ఉన్నవాడు ఏడాది పొడుగునా పచ్చగా కనబడేదాన్నే నాటుతాడు. అందులో వింత లేదు. అట్లా వచ్చింది కోనోకార్పస్. సోమాలియా, యెమెన్ తీరాల చెట్టు, ఎండకు వాడదు, గోడలా పెరుగుతుంది. జనగామ హైవే నుంచి భూపాలపల్లి సింగరేణి బస్తీల దాకా డివైడర్లూ పార్కులూ దానితో నిండాయి. గట్టి చెట్టే, కాదనలేం. దాని కాయ మన పిట్ట తినదు, దాని పువ్వుకు మన తేనెటీగ ఎగబడదు. పుప్పొడి గురించి, పైపుల్లోకి దూరే వేళ్ల గురించి ఫిర్యాదులు వచ్చాక గుజరాత్ 2023లో నిషేధించింది. చలి మైదానాల వాళ్లు తమ చలికాలం పుణ్యాన ఈ ఒక్క పొరపాటు చేయలేకపోయారు. ఎప్పుడూ పచ్చగా ఉండే వెడల్పాకు చెట్టు అక్కడ బతకదు కనుక, ఆకు లేనిది చచ్చినదనుకునే అలవాటు వాళ్లకు అబ్బలేదు.

వాళ్ల పొరపాటు వేరు. నచ్చిన ఒక్క చెట్టునే ఊరంతా నాటడం. వీధులకు రెండు వైపులా అమెరికన్ ఎల్మ్ పెట్టి పందిళ్లలా పెంచారు. యూరప్ నుంచి కలపతో వచ్చి 1930లో బయటపడిన ఎల్మ్ తెగులు ఊళ్లకు ఊళ్లను బోడి చేసింది. ఆ ఖాళీల్లో గ్రీన్ యాష్ నాటారు. చలికి, కరువుకు, చౌడుకు, దేనికీ లొంగని చెట్టని. 2002లో డెట్రాయిట్ దగ్గర ఆసియా నుంచి వచ్చిన పచ్చటి పురుగు ఒకటి కనబడింది. 2017లో విన్నిపెగ్, 2018లో సూ ఫాల్స్ చేరింది. కోట్ల చెట్లు పోయాయి. చలికి నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న చెట్టు బెరడు కింది పురుగుకు సున్నా తెచ్చుకుంది. జోను నంబరులో ఈ పరీక్ష లేదు.

మనకు ఇలాంటి హెచ్చరిక 2021లో వేప ఇచ్చింది. వానాకాలం చివర తెలంగాణ అంతటా వేప కొమ్మలు కొస నుంచి ఎండుతూ వచ్చాయి. తేయాకు దోమ గాట్ల వెంట శిలీంధ్రం చేరిందని వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పారు. వేప పోయిందనే అనుకున్నారు జనం. చాలా చెట్లు మరుసటి ఏడు మళ్లీ చిగురించాయి. యాష్ చావడానికీ వేప కోలుకోవడానికీ కారణాలు వేరు. అక్కడ వచ్చింది పరాయి శత్రువు, ఇక్కడ వచ్చింది పాత పరిచయం. పరాయి శత్రువు వచ్చిన రోజు వేప ఎలా నిలబడుతుందో మాత్రం ఎవరూ పరీక్షించలేదు. పరీక్ష రాకముందే ఊరిలో రకరకాల చెట్లకు పాలు పంచాలి. అటవీ శాఖకూ ఈ మాట చెప్పాలి. సహజ అడవి నరికి, హద్దురాళ్లు పాతి, వరుసగా ఒక్క టేకునే పెట్టిన తోటలు భూపాలపల్లి వైపు తక్కువేమీ కాదు. టేకు ఈ నేల చెట్టే కావచ్చు, ఒంటరి టేకు తోట మాత్రం ఈ నేల అడవి కాదు.

గాలి పరీక్షలో రెండు దేశాలూ ఒకే రకంగా దెబ్బతిన్నాయి. 2020 ఆగస్టు 10న అయోవా మీద వీచిన గాలివాన సీడర్ ర్యాపిడ్స్ ఊరి చెట్ల నీడలో సగానికి పైగా తుడిచేసింది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో (2019 ఫిబ్రవరి దాకా అది భూపాలపల్లి జిల్లానే) వేల చెట్లు గంటల్లో కూలిపోయాయి. రెండూ ఆగస్టులోనే. మోడుగా ఉన్న నెలల్లో గాలి వస్తే కొమ్మల సందుల్లోంచి దూరిపోయేది. నిండు ఆకుతో, తడిసిన నేలలో, తెరచాపలా నిలబడ్డప్పుడు వచ్చింది. ఆకు రాల్చడం దాహానికే పనికొస్తుందని పైన రాశాను. గాలికీ కొంత పనికొస్తుందని ఇక్కడ కలుపుకోవాలి.

ఇదంతా చదివి, సరే, ఇప్పా మోదుగా నాటుదాం అని ఏ సర్పంచైనా అనుకుంటే నర్సరీ క్యాలెండర్ అడ్డుపడుతుంది. మన పంచాయతీ నర్సరీల్లో చలికాలంలో కవర్లు నింపి, గింజ వేసి, జులైకి మొక్క బయటికి పంపాలి. ఇప్ప గింజ రాలడమే జూన్, జులైలలో. దాన్ని దాచి పెడితే కొన్ని వారాల్లోనే మొలకెత్తే గుణం పోతుంది. బర్ ఓక్ గింజదీ ఇదే మొండితనం. చాలాసార్లు రాలిన శరదృతువులోనే నేలలో వేరు దించేస్తుంది, ఆరబెట్టి డబ్బాలో దాచుకోనివ్వదు. అక్కడి నర్సరీలు గింజ రాలగానే మడిలో వేసి, ఏడాది రెండేళ్లు పెంచి, ఆకు రాలిన మొక్కను మట్టి లేకుండా పీకి, మోడుగానే రైతుకు అమ్ముతాయి. కొనేవాడు ఆకు ఏదని అడగడు. మన దగ్గర ఆ పని చేయాలంటే ఈ జులైలో గంగారం ఇప్ప చెట్ల కింద తాజా గింజ ఏరి వెంటనే కవర్లలో వేసి, వచ్చే జులై దాకా నీళ్లు పోసి, మధ్యలో మార్చిలో అవి ఆకు దులిపినప్పుడు రిజిస్టర్‌లో చచ్చినవాటి కింద రాయకుండా ఉండాలి. అందుకు కావలసింది ఏడాది ఎక్కువ కూలీ పద్దు, రిజిస్టర్‌లో ‘ఆకు రాల్చింది’ అని ఒక గడి.